మిర్చి యార్డు కొట్టులో 1996 నాటి డాస్ ప్రోగ్రామ్: కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు

పట్టీల_పద్దు (గుంటూరు), సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. నాన్నగారు 1996లో బ్రాడీపేటలో ఒకాయన చేత పట్టీలు (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీలు), రైతుల ఖాతాలు చూసుకునే డాస్ ప్రోగ్రామ్ చేయించుకున్నారు. నల్ల తెర, పసుపు అక్షరాలు. అప్పటినుంచీ కొట్టు లెక్క మొత్తం దాని మీదే. చేసిచ్చినాయన కాలం చేసి పదేళ్లు దాటింది.

మొన్న గురువారం పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఆగిపోయింది. ఫ్యాన్ తిరుగుతుంది, తెర వెలగదు. మదర్‌బోర్డు పోయిందన్నారు. కొత్తది తీసుకున్నాం, విండోస్ 11. పాత డిస్కులోని ప్రోగ్రామ్ ఫోల్డర్ షాపతను పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. దాని మీద రెండుసార్లు నొక్కితే ఈ యాప్ మీ పీసీలో నడవదు అని వస్తోంది. కంపాటిబిలిటీలో విండోస్ 95 పెట్టి చూశాను, అదే మాట. కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోండి అన్నారు షాపులో.

సీజన్ మొదలైపోయింది. రోజుకు అరవై, డెబ్భై పట్టీలు చేత్తో రాస్తున్నాం. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా బరువు, హమాలీ, కమీషన్, రైతు ముందుగా తీసుకున్న అడ్వాన్స్, అన్నీ కాగితం మీదే. నాన్నకు 71 ఏళ్లు. నిన్న ఒక రైతు వచ్చి నా బాకీ ఎంతుందని అడిగితే చెప్పలేక అలా నిలబడిపోయారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. దారి ఉంటే చెప్పండి.

డాస్_మాస్టారు (విజయవాడ), సోమవారం రాత్రి 10:15

దారి ఉందమ్మా, కంగారు పడకండి. ముందు ఆ పాత హార్డ్ డిస్క్ ఎక్కడుందో చూడండి. షాపులో వదిలేసి ఉంటే రేపు పొద్దున్నే వెళ్లి తెచ్చుకోండి. ఫార్మాట్ చేయనివ్వకండి, ఎవరికీ ఇవ్వకండి. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫోల్డర్‌ను ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టుకుని, ఆ కాపీల మీదే ప్రయోగాలు చేయండి.

ఎందుకు నడవడం లేదో చెబుతాను. డాస్ ప్రోగ్రాములు 16 బిట్‌లవి. 1993లో విండోస్ ఎన్‌టీ వచ్చినప్పటినుంచీ విండోస్‌లో ఎన్‌టీవీడీఎం అనే భాగం ఉండేది. డాస్ ప్రోగ్రామ్‌కు తానే ఒక చిన్న డాస్ కంప్యూటర్‌లా కనిపించేది. మీ ఎక్స్‌పీలో జరిగింది అదే. అందుకు ప్రాసెసర్‌లో వర్చువల్ 8086 అనే పద్ధతి కావాలి. ప్రాసెసర్ 64 బిట్‌లో నడుస్తున్నప్పుడు ఆ పద్ధతి అందుబాటులో ఉండదు. అందుకే 64 బిట్ విండోస్ వేటిలోనూ ఎన్‌టీవీడీఎం లేదు. విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. కంపాటిబిలిటీ సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం లేనిది అందుకే. తప్పు మీది కాదు, ప్రోగ్రామ్‌దీ కాదు.

డాస్ కంప్యూటర్‌ను మొత్తంగా సాఫ్ట్‌వేర్‌లోనే తయారుచేసే ఎమ్యులేటర్లు ఉన్నాయి. వాటిలో నడుస్తుంది. ఒక్క సంగతి చెప్పండి: ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్ల చివర ఏముంది? డీబీఎఫ్ అంటే డేటా ఫైలు. దాని పక్కన ఇండెక్స్ (డేటాను త్వరగా వెతికే) ఫైళ్లుగా ఎన్‌టీఎక్స్ ఉందా, సీడీఎక్స్ ఉందా, ఐడీఎక్స్ ఉందా?

గవర్నర్‌పేట_రిపేరు (విజయవాడ), సోమవారం రాత్రి 10:51

మాస్టారూ, ఇంకో దారి కూడా ఉంది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి తీసుకుని విండోస్ 10 32 బిట్ వేస్తే ఎన్‌టీవీడీఎం వస్తుంది. విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపోనెంట్స్ కింద టిక్ పెట్టాలి. నేను ఇద్దరు మందుల షాపువాళ్లకు అలాగే చేసిచ్చాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కాబట్టి దానికి నెట్ ఇవ్వను, లెక్కలకు మాత్రమే వాడమంటాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఆల్ట్, ఎంటర్ నొక్కితే నిండు తెర రాదు, చిన్న కిటికీలోనే చూడాలి. డిస్కు పెద్దదైతే కొన్ని ప్రోగ్రాములు చోటు లేదంటాయి. ఖాళీ 2 జీబీ దాటితే వాటి లెక్కలో అది మైనస్‌లోకి పోతుంది. దానికి చిన్న పార్టిషన్ చేసి అందులో పెట్టాను. కొత్త మెషీన్ల మీద 32 బిట్ డ్రైవర్లు దొరక్క కూడా అవస్థ పడతాం. అక్కకు విండోస్ 11 మెషీన్ ఇప్పటికే ఉంది కాబట్టి ఎమ్యులేటరే మేలు.

పట్టీల_పద్దు (గుంటూరు), మంగళవారం ఉదయం 7:20

మాస్టారూ, ఎన్‌టీఎక్స్ ఉన్నాయి. డీబీఎఫ్ 22, ఎన్‌టీఎక్స్ 31, ఒక ఎక్సీ ఫైలు. పాత డిస్క్ ఇంకా షాపులోనే ఉంది, తాళాలు తీసే వేళకు వెళ్తాను.

క్లిప్పర్87 (విజయవాడ), మంగళవారం ఉదయం 8:05

ఎన్‌టీఎక్స్ ఉందంటే అది క్లిప్పర్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్. ఫాక్స్‌ప్రో అయితే సీడీఎక్స్, ఐడీఎక్స్ ఉంటాయి. డీబేస్ అయితే ఎన్‌డీఎక్స్. అప్పట్లో మన దగ్గర కొట్లకు, మిల్లులకు, చిట్‌ఫండ్లకు రాసినవాటిలో సగం క్లిప్పర్, సగం ఫాక్స్‌ప్రో. నేనూ పదకొండేళ్లు అదే పని చేశాను. క్లిప్పర్ ప్రోగ్రామ్ ఒకే ఎక్సీ ఫైలుగా ఉంటుంది కాబట్టి మీ పని తేలిక.

మామూలు డాస్‌బాక్స్ వద్దు. 2002లో అది మొదలైందే పాత ఆటల కోసం. అందులో ప్రింటర్ లేదు. పైగా కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే అడగకుండా మూసేస్తుంది. లెక్కల ప్రోగ్రామ్‌లో చెయ్యి ఆ మీటల మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. దాన్నుంచి పుట్టిన డాస్‌బాక్స్-ఎక్స్ తీసుకోండి. ఉచితం, ప్రింటర్ పోర్టు ఉంది. వీడాస్ అని ఇంకొకటి ఆఫీసు ప్రోగ్రాముల కోసమే చేసింది, అదీ మంచిదే. నాకు డాస్‌బాక్స్-ఎక్స్ అలవాటు, దాని గురించే చెబుతాను.

ప్రోగ్రామ్ ఫోల్డర్‌ను సి డ్రైవ్‌లో ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాల లోపు పేరున్న ఫోల్డర్‌లో పెట్టండి. డాస్‌బాక్స్-ఎక్స్ కాన్ఫిగరేషన్ ఫైలు చివర ఆటోఎగ్జెక్ అనే భాగం ఉంటుంది. అక్కడ మొదటి వరసలో మౌంట్, సి, ఆ పక్కన ఫోల్డర్ దారి. రెండో వరసలో సి, కోలన్. మూడో వరసలో ప్రోగ్రామ్ పేరు. నాలుగో వరసలో ఎగ్జిట్. అవుట్‌పుట్ అన్న చోట టీటీఎఫ్ అని మార్చండి. అక్షరాలు అచ్చు వేసినట్టు స్పష్టంగా వస్తాయి, నాన్నగారి కళ్లకు హాయిగా ఉంటుంది.

కృష్ణలంక_కోడర్ (విజయవాడ), మంగళవారం ఉదయం 11:30

నా అభిప్రాయం వేరు. ఇంత కష్టపడి పాతదాన్ని మోయడం కన్నా ఆ డీబీఎఫ్ ఫైళ్లలోని డేటా తీసేసి కొత్తగా వెబ్ అప్లికేషన్ రాసుకోవచ్చు కదా? డీబీఎఫ్‌ను లిబ్రెఆఫీస్ నేరుగా తెరుస్తుంది. ఫోన్‌లో కూడా చూసుకోవచ్చు. అక్క ఒప్పుకుంటే నేను సాయం చేస్తాను, డబ్బు కోసం కాదు.

క్లిప్పర్87 (విజయవాడ), మంగళవారం మధ్యాహ్నం 12:10

తమ్ముడూ, నీ మంచి మనసుకు సంతోషం. ఏదో ఒక రోజు చెయ్యాల్సిందే, కాదనను. కానీ సీజన్ మధ్యలో కాదు. తరుగు ఎప్పుడు తీస్తారు, ఎంత దాకా పైసలు వదిలేస్తారు, అడ్వాన్స్ మీద వడ్డీ ఏ తేదీ నుంచి, ఇవన్నీ ముప్పై ఏళ్లుగా ఆ ఎక్సీ ఫైలులో ఇమిడిపోయి ఉంటాయి. ఎక్కడా రాసి ఉండవు. పైగా ఆయన వేళ్లకు ఆ మీటలు వచ్చు. తెర చూడకుండా పట్టీ కొట్టే పెద్దవాళ్లను నేను చూశాను. ఆ వేగం మౌసుతో రాదు.

నువ్వన్న లిబ్రెఆఫీస్ మాత్రం ఈ రోజే పనికొస్తుంది. అమ్మా, ఖాతాల డీబీఎఫ్ కాపీని అందులో తెరిచి చూడండి. రైతు పేరు, బాకీ కాలమ్స్ కనిపిస్తాయి. రేపు ఎవరొచ్చి అడిగినా చెప్పగలుగుతారు. చూడటానికే. అందులో మార్చి సేవ్ చేయకండి.

పట్టీల_పద్దు (గుంటూరు), మంగళవారం రాత్రి 8:48

బాకీల జాబితా దొరికింది! 1,412 ఖాతాలు. ప్రింట్ తీసి నాన్న చేతికిచ్చాను. ఆ రైతుకు అక్కడికక్కడే ఫోన్ చేశారు.

ప్రోగ్రామ్ కూడా తెరుచుకుంది, పసుపు అక్షరాలు చూసి మా అమ్మ కూడా వచ్చి నిలబడింది. కానీ ఎఫ్2 నొక్కి కొత్త పట్టీ తెరవగానే డీబీఎఫ్‌ఎన్‌టీఎక్స్ 1001, ఓపెన్ ఎర్రర్, డాస్ ఎర్రర్ 4 అని వచ్చి బయటికి వచ్చేస్తోంది. ఫైలు పాడైందా? భయంగా ఉంది.

క్లిప్పర్87 (విజయవాడ), మంగళవారం రాత్రి 9:02

ఏమీ పాడవలేదు. డాస్ ఎర్రర్ 4 అంటే ఒకేసారి తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయని. పట్టీ తెరకు రైతు, వ్యాపారి, సరుకు, ఖాతా, వాటి ఇండెక్సులు అన్నీ ఒకేసారి కావాలి. ఎన్ని తెరవాలో క్లిప్పర్‌కు ముందే చెప్పాలి. ఆటోఎగ్జెక్‌లో ప్రోగ్రామ్ పేరుకు ముందు ఒక వరస చేర్చండి: సెట్ క్లిప్పర్ ఈక్వల్ టు ఎఫ్ కోలన్ 99. క్లిప్పర్, ఈక్వల్ టు మధ్య ఖాళీ ఉండకూడదు.

ఇప్పుడు నాకో అనుమానం. పాత మెషీన్‌లో ఈ మాట ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి కదా. నాన్నగారు రోజూ డెస్క్‌టాప్ మీద ఏ బొమ్మ నొక్కేవారు? అది నేరుగా ఎక్సీ ఫైలునే పిలిచేదా, లేక ఏదైనా బ్యాట్ ఫైలునా (ఆదేశాలు వరసగా రాసి ఉండే ఫైలు)?

ఆటోనగర్_వేబ్రిడ్జి (విజయవాడ), మంగళవారం రాత్రి 9:40

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఆటోనగర్‌లో లారీల కాటా ఉంది. బరువు చూపించే మీటర్ నుంచి కామ్1 అనే సీరియల్ పోర్టులోంచి డాస్ ప్రోగ్రామ్‌కు బరువు వస్తుంది. మాదీ పాత మెషీనే, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఈ పద్ధతి మాకు కుదురుతుందా?

డాస్_మాస్టారు (విజయవాడ), మంగళవారం రాత్రి 10:05

కుదురుతుందండీ. డాస్‌బాక్స్-ఎక్స్‌లో సీరియల్1 అన్న చోట డైరెక్ట్‌సీరియల్ అని, పక్కన రియల్‌పోర్ట్ కోలన్ కామ్1 అని రాస్తే అసలు పోర్టు ప్రోగ్రామ్‌కు కనిపిస్తుంది. కొత్త కంప్యూటర్‌లో సీరియల్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ వాడండి. దానికి విండోస్ కామ్3, కామ్4 అని ఏదో ఒక నంబర్ ఇస్తుంది. రియల్‌పోర్ట్ దగ్గర ఆ నంబరే రాయాలి. మెషీన్ బాగున్నప్పుడే ఒక ఆదివారం రెండోదాని మీద నడిపి చూసుకోండి. ఆగిపోయాక మొదలుపెడితే ఈ అమ్మాయి పడుతున్న అవస్థే మీకూ వస్తుంది.

పట్టీల_పద్దు (గుంటూరు), బుధవారం మధ్యాహ్నం 2:15

క్లిప్పర్87 గారూ, మీ అనుమానం నిజం. డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి చూశాను. సి డ్రైవ్ మొదట్లోనే ఒక బ్యాట్ ఫైలు ఉంది. నాన్న రోజూ నొక్కింది దాన్నే. షాపతను ప్రోగ్రామ్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేశాడు, ఇది బయట ఉండిపోయింది. లోపల మూడు వరసలు. మొదటిది మీరు చెప్పిన సెట్ క్లిప్పరే, కాకపోతే 60 అని ఉంది. మూడోది ప్రోగ్రామ్ పేరు. రెండోది మాత్రం అర్థం కాలేదు: కాపీ, సెటప్.పీఆర్‌ఎన్, ఎల్‌పీటీ1. ఆ సెటప్ ఫైలు తెరిస్తే ఒక పిచ్చి గుర్తు, సి, డాలర్ గుర్తు. అంతే, మూడు అక్షరాలు.

సెట్ క్లిప్పర్ పెట్టాక పట్టీ తెర తెరుచుకుంది. నాన్న రెండు పట్టీలు కొట్టి చూశారు, లెక్క పైసాతో సహా సరిపోయింది. ఇక ప్రింట్ మిగిలింది. ఇంట్లో లేజర్ ప్రింటర్ ఉంటే దానికి పంపాను, ఏమీ రాలేదు. కొట్టులో 80 కాలమ్‌ల టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ ఉంది, కొత్త కంప్యూటర్‌కు ఆ వెడల్పాటి సాకెట్ లేదు.

క్లిప్పర్87 (విజయవాడ), బుధవారం మధ్యాహ్నం 3:30

ఆ రెండో వరస సెటప్ ఫైలును ఎల్‌పీటీ1కు, అంటే ప్రింటర్ తగిలించే పారలల్ పోర్టుకు పంపుతుంది. ఆ మూడు అక్షరాలు రాసినాయనకు దండం పెట్టాలి. పిచ్చి గుర్తు ఎస్కేప్, అంటే 27. ఎస్కేప్, సి అంటే పేజీ పొడవు. ఆ తర్వాతి అక్షరం ఎన్ని గీతలో చెబుతుంది. డాలర్ గుర్తు నంబర్ 36. అంగుళానికి ఆరు గీతల లెక్కన 36 గీతలంటే ఆరంగుళాలు. మీ పట్టీ కాగితం ఆరంగుళాల పొడవే ఉండాలి, కొలిచి చూడండి. అది పంపకపోతే ఒక్కో పట్టీకి రెండు కాగితాలు ముందుకు తోసేస్తుంది.

లేజర్‌లో రాకపోవడానికి కారణం ఉంది. చవక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి అక్షరాలు నేరుగా పంపితే అర్థం కావు. పేజీ మొత్తం బొమ్మగా మార్చి విండోస్ డ్రైవర్ పంపాలి. డాట్ మ్యాట్రిక్స్‌కు అక్షరాలే చాలు. మధ్యలో 15 పంపితే సన్నక్షరాలు, 18 పంపితే మళ్లీ మామూలు. సన్నక్షరాల్లో 80 కాలమ్‌ల ప్రింటర్ మీద 137 అక్షరాలు పడతాయి. పట్టీలో అన్ని గళ్లు ఇరికించింది అలాగే. డ్రైవర్ వీటిని మార్చకుండా ఉన్నదున్నట్టు దాటించాలి, అది ముఖ్యం.

గవర్నర్‌పేట_రిపేరు (విజయవాడ), బుధవారం సాయంత్రం 6:10

అక్కా, ఇది నా పని. యూఎస్‌బీ నుంచి పారలల్‌కు మార్చే కేబుల్ ఒకటి తీసుకోండి. తగిలించాక అది ఎల్‌పీటీ1 అని రాదు, యూఎస్‌బీ001 అని వస్తుంది. ఎల్‌పీటీ1 కనపడలేదని చాలామంది అక్కడే ఆగిపోతారు. ప్రింటర్ యాడ్ చేసేటప్పుడు ఆ పోర్టే ఎంచుకుని, డ్రైవర్ జెనరిక్, టెక్స్ట్ ఓన్లీ అన్నది పెట్టండి. తర్వాత ఆ ప్రింటర్‌ను షేర్ చేసి చిన్న పేరు ఇవ్వండి.

డాస్‌బాక్స్-ఎక్స్‌లో పారలల్1 అన్న చోట ఫైల్ అని పెట్టండి. ఫైలు పేరు, టైమవుట్ 2000, ఓపెన్‌విత్ అని ఒక బ్యాట్ ఫైలు పేరు ఇవ్వండి. ప్రోగ్రామ్ ప్రింట్ పంపాక రెండు సెకన్లు ఏమీ రాకపోతే ఫైలు మూసి ఆ బ్యాట్‌ను పిలుస్తుంది. బ్యాట్‌లో ఒకే వరస: కాపీ, స్లాష్ బి, ఫైలు పేరు, ఆపైన రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు. స్లాష్ బి మర్చిపోవద్దు. అది లేకపోతే మధ్యలో 26 అనే అక్షరం ఎక్కడ తగిలితే అక్కడ ఆపేస్తుంది. సెటప్.పీఆర్‌ఎన్‌ను పొద్దున ప్రింటర్ ఆన్ చేయగానే ఇదే పద్ధతిలో ఒకసారి పంపండి.

బ్రాడీపేట_డీటీపీ (గుంటూరు), బుధవారం రాత్రి 9:15

ఈ చర్చ చదువుతుంటే మా పాత సరుకు గుర్తొచ్చింది. 1990ల్లో మేము ఒక సంఘం సభ్యుల జాబితాలు తెలుగులో చేశాం, సీడాక్ వారి జిస్ట్ కార్డు (కంప్యూటర్‌లో తెలుగు చూపించే కార్డు) వేసి. ఆ కార్డు పెట్టే ఐసా స్లాట్ ఇప్పటి బోర్డుల్లో లేదు. ఫైళ్లు తెరిస్తే అన్నీ గీతలూ చుక్కలే. తెలుగంతా పోయినట్టేనా?

డాస్_మాస్టారు (విజయవాడ), బుధవారం రాత్రి 9:50

పోలేదండీ. ఆ ఫైళ్లు ఇస్కీ అనే కోడ్‌లో ఉండి ఉంటాయి. 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చింది, ఐఎస్ 13194. మీకు గీతలు, చుక్కలు కనిపించేది ఆ అంకెలను కంప్యూటర్ వేరే పట్టికతో చదువుతోంది కాబట్టి. ఇస్కీలో ‘క’ అన్నది అన్ని భారతీయ లిపులకూ ఒకే అంకె, తెలుగా హిందీయా అన్నది చూపించేటప్పుడు తేలుతుంది. యూనికోడ్‌లో మన లిపులను అమర్చింది కూడా ఇస్కీ వరసను పట్టుకునే. కాబట్టి చాలావరకు ఒక అక్షరానికి ఒక అక్షరం చొప్పున మార్చే చిన్న ప్రోగ్రామ్ చాలు. ఒక ఫైలు కాపీ నాకు పంపండి, చూస్తాను. కార్డు ఉంటే పారేయకండి.

కృష్ణలంక_కోడర్ (విజయవాడ), బుధవారం రాత్రి 10:20

మాస్టారూ, ఆ మార్చే ప్రోగ్రామ్ నేను రాస్తాను. నిన్న క్లిప్పర్87 గారు చెప్పింది కూడా అర్థమైంది. అక్క కొట్టుకు ఒకరోజు వచ్చి నాన్నగారు పట్టీ ఎలా కొడతారో పక్కన కూర్చుని చూడాలని ఉంది.

పట్టీల_పద్దు (గుంటూరు), శుక్రవారం రాత్రి 8:30

పట్టీ వచ్చింది! ఆరంగుళాల కాగితం, సన్నక్షరాలు, గళ్లు తప్పకుండా. కొలిచాను, కాగితం సరిగ్గా ఆరంగుళాలే. నాన్న ఆ మొదటి పట్టీ చింపి, వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. తమ్ముడూ, నువ్వు ఎప్పుడైనా రా, నాన్న సరేనన్నారు.

బీరువాలో ఒక డబ్బా ఫ్లాపీలు కూడా దొరికాయి. తొమ్మిదిలో రెండే చదవగలిగాం. ఒకదానిలో పీఆర్‌జీ అని 14 ఫైళ్లు ఉన్నాయి. పనికొస్తాయా?

ఇంకో సందేహం. చేత్తో రాసిన పట్టీలు 311 ఉన్నాయి. రేపటివి ముందు కొట్టేసి వాటిని తర్వాత తీరిగ్గా ఎక్కించవచ్చా?

క్లిప్పర్87 (విజయవాడ), శుక్రవారం రాత్రి 9:10

పీఆర్‌జీ అంటే ప్రోగ్రామ్ అసలు రాత, అమ్మా! హార్బర్ అని ఉచితంగా దొరికే కంపైలర్ ఉంది, క్లిప్పర్ భాషనే చదివి విండోస్‌లో నేరుగా నడిచే ప్రోగ్రామ్ తయారుచేస్తుంది. డీబీఎఫ్, ఎన్‌టీఎక్స్ ఫైళ్లు అవే వాడుకోవచ్చు, ఎమ్యులేటర్ అవసరం ఉండదు. 14 ఫైళ్లతో ప్రోగ్రామ్ మొత్తం వచ్చిందో, కొన్ని తగ్గాయో చూడాలి. ఆ రెండు ఫ్లాపీలూ ఇప్పుడే కాపీ తీసి నాకు పంపండి. మిగతా ఏడూ జాగ్రత్తగా ఉంచండి, వేరే డ్రైవ్‌లో చదవొచ్చు.

311 పట్టీలు మాత్రం ముందే ఎక్కించండి. ఇలాంటి ప్రోగ్రాములు చివరి పట్టీ నంబర్‌కు ఒకటి కలిపి కొత్త నంబర్ ఇస్తాయి. రేపటివి ముందు కొడితే పాత తేదీల నంబర్లు వెనకబడతాయి, అడ్వాన్స్ కోత వరస కూడా తారుమారవుతుంది. తేదీ వరసలో, చేతి పట్టీల నంబర్ వరసలో కొట్టండి. యాభైకి ఒకసారి ప్రోగ్రామ్‌లోంచి మెనూ ద్వారా బయటికి వచ్చి ఫోల్డర్ కాపీ తీయండి. కిటికీ మూలన ఉన్న గుర్తు నొక్కి మూయకండి. ఎన్ని రికార్డులున్నాయో చెప్పే అంకె డీబీఎఫ్ మొదట్లో ఉంటుంది. మధ్యలో ఆపేస్తే అది తప్పుగా మిగిలిపోవచ్చు. పూర్తయ్యాక మెనూలో రీఇండెక్స్ ఉంటే ఒకసారి నడపండి.

పట్టీల_పద్దు (గుంటూరు), శుక్రవారం రాత్రి 9:25

సరేనండీ. నాన్న చదువుతున్నారు, నేను కొడుతున్నాను. మొదటి యాభై ఈ రాత్రికే ఎక్కిస్తాం.